బెంచ్ సప్లై డబ్బా: ఎర్తింగ్ అయింది, సెకండరీ తేలింది

పని బల్ల మీద వాడుకునే పవర్ సప్లై ఇది: ఇనుప డబ్బా, అందులో 230 నుంచి 24 వోల్టులకు దించే 200 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) టొరాయిడ్, అంటే గారె ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్. ఈ వారం పనంతా ఎర్తింగే. ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి, చాలామంది వాటిని కలిపేస్తారు. డబ్బాకి ఎర్త్ ఇవ్వాలా? ఇవ్వాల్సిందే, బేరం లేదు. సెకండరీకి, అంటే 24 వోల్టులు వచ్చే వైండింగుకి, ఇవ్వాలా? అది వాడకాన్ని బట్టి.

డబ్బా పని ముందు. మెయిన్స్ వైరు లోపలికొచ్చే చోటికి దగ్గర్లో ఒక ఎం5 బోల్టు పెట్టాను. దానికి ఎర్త్ తప్ప ఇంకో పని లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌ని పట్టుకునే బోల్టుకే ఎర్త్ తగిలిస్తే, రేపు ట్రాన్స్‌ఫార్మర్ విప్పినప్పుడు ఎర్త్ కూడా ఊడి చేతికొస్తుంది. బోల్టు చుట్టూ పెయింట్‌ని లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి, వైరు కొసకి నొక్కి క్రింప్ చేసిన రింగ్ లగ్‌ని బిగించాను. బయటి నుంచి వచ్చే ఆకుపచ్చ-పసుపు వైరు అడుగున, దానికి సొంత నట్టు. మూతకీ ముందు ప్యానెల్‌కీ వెళ్లే వైర్లు దాని పైన, వేరే నట్టుతో. మూత స్క్రూలే కనెక్షన్ ఇస్తాయిలే అనుకోకూడదు, వాటి కింద కూడా పెయింటే కదా. ఎర్త్ వైరుని ఫేజు, న్యూట్రల్ కంటే కాస్త పొడుగ్గా వదిలాను. ఎవరైనా కార్డు గట్టిగా లాగినా అన్నిటికంటే చివర తెగేది అదే కావాలి. ఫ్యూజు ఫేజులోనే. ఎర్త్ దారిలో ఫ్యూజు గానీ స్విచ్ గానీ ఉండనే కూడదు.

టొరాయిడ్‌తో ఇంకో తిరకాసు ఉంది. మధ్యలో దూరే బోల్టు కింద డబ్బాకి తగులుతుంది. పైకొస మూతకి కూడా తగిలిందా, బోల్టు, మూత, డబ్బా కలిసి కోర్ (వైండింగుల లోపలి ఇనుప రింగు) చుట్టూ ఒక షార్ట్ అయిన చుట్టు అయిపోతాయి. అందులో పుట్టే వోల్టేజి వోల్టులో చిన్న ముక్కే అయినా, అడ్డేమీ లేదు కాబట్టి వందల ఆంపియర్లు పారగలవు. మూత మీద బరువు పెడితే వంగుతుందని 10 మి.మీ. ఖాళీ ఉంచి, లోపల ఫైబర్ షీటు అతికించాను.

ఎర్త్ టెస్టుకి మామూలు మల్టీమీటర్ చాలదు, దాని ప్రోబ్ వైర్లకే 0.2 ఓమ్ దాకా ఉంటుంది. వేరే సప్లై నుంచి 2 ఆంపియర్లు ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి డబ్బా దూరపు మూలకి పంపి, ఆ రెండు చోట్ల మధ్య మిల్లీవోల్టులు చూశాను. 74 వచ్చింది, అంటే 0.037 ఓమ్. మూత మీద 78. ఫ్యాక్టరీ టెస్టుల్లో 25 ఆంపియర్ల దాకా పంపి 0.1 ఓమ్ దాటకూడదంటారు. ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా 2 ఆంపియర్లకి పాసైపోతుంది, అందుకే ప్రతి లగ్గునీ చేత్తో లాగి చూశాను.

ఇక సెకండరీ. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐఈసీ 61558-2-6 అని ఉంది, అంటే ప్రైమరీకీ (230 వోల్టుల వైండింగుకీ) సెకండరీకీ మధ్య గట్టి ఇన్సులేషన్ ఉన్న రకం. కాబట్టి సెకండరీని తేలుతూనే, అంటే ఎర్త్‌కి కలపకుండానే, వదిలి, ముందు ప్యానెల్ మీద ప్లస్, మైనస్ పక్కన విడిగా ఆకుపచ్చ ఎర్త్ టెర్మినల్ పెట్టాను. అవసరమైనప్పుడు చిన్న లింకుతో మైనస్‌ని ఎర్త్‌కి కలుపుకోవచ్చు, అదీ ఒక్క చోటే. స్కోప్ (వోల్టేజిని గ్రాఫుగా చూపే ఆసిలోస్కోప్) క్లిప్పు తగిలిస్తే దాని ఎర్త్ ఎలాగూ ఒక లింకే. అప్పటికే ప్లస్ వైపు ఎర్త్ అయి ఉండగా ఆ క్లిప్పు మైనస్‌కి పెడితే నేరుగా షార్ట్.

తేలుతున్న సెకండరీకీ ఎర్త్‌కీ మధ్య మీటరు 80 వోల్టులు చూపించింది, చూడగానే టెన్షన్. కానీ 100 కిలో ఓమ్ రెసిస్టర్ అడ్డం పెడితే 2 వోల్టుల్లోపుకి పడిపోయింది. అది ఇన్సులేషన్ దెబ్బతిని వచ్చే లీకేజి కాదు, వైండింగుల మధ్య కెపాసిటెన్స్ వల్ల కనిపించే దొంగ వోల్టేజి. రెసిస్టర్ పెట్టినా పడకుంటే మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కన పడేయాల్సిందే.

వచ్చే వారం రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం). దాని హీట్‌సింక్‌ని కూడా అదే ఎర్త్ బోల్టుకి కలపాలి, దానికి సరిపడా మూడో నట్టు ముందే ఎక్కించి ఉంచాను.