ఉష్ణ ప్రసారానికి బొమ్మల నోట్సు: నాలుగు పీరియడ్ల లెక్క

ఏడో తరగతి స్థాయి, పీరియడు 40 నిమిషాలు. ఒక్కొక్కరికి గీతల్లేని ఏ4 కాగితాలు నాలుగు, పెన్సిలు, నల్ల స్కెచ్‌పెన్, ఎరుపు, నీలం రంగు పెన్సిళ్లు. రంగులు ఇంతకు మించితే సగం సమయం సింగారానికే పోతుంది.

మొదటి పీరియడు

ప్రయోగం లేదు, గుర్తులు ఖాయం చేసుకోవడమే పని. కాగితం పైమూలన చిన్న గడి గీసి అందులో రాయించాలి: ఎరుపు రంగు ఎక్కువ ఉష్ణోగ్రత, నీలం తక్కువ, సన్నని ఎర్ర బాణం ఉష్ణం వెళ్లే దారి, లావు నల్ల బాణం పదార్థమే కదలడం, అలలాంటి బాణం వికిరణం (మధ్యలో పదార్థం లేకపోయినా ఉష్ణం వెళ్లడం). ఈ గడి లేకపోతే ఒకే బాణం ఒక బొమ్మలో వేడినీ మరో బొమ్మలో నీళ్లనూ చూపిస్తుంది. వహనానికీ (పదార్థం కదలకుండా ఉష్ణం పాకడం) సంవహనానికీ (కదిలే పదార్థంతోపాటు ఉష్ణం వెళ్లడం) తేడా పిల్లలకు అందనిది అక్కడే.

చేతిలో మంచుముక్క బొమ్మ గీయమంటే చాలామంది మంచు నుంచి చేతిలోకి నీలం బాణం వేస్తారు. దాన్ని చెరిపించొద్దు. పక్కనే చేతి నుంచి మంచులోకి ఎర్ర బాణంతో ఇంకో బొమ్మ గీయించాలి. రెండూ పక్కపక్కన ఉంటేనే, చల్లదనం ఎక్కడం కాదు, చెయ్యే ఉష్ణం పోగొట్టుకుంటోందన్న సంగతి నిలుస్తుంది.

రెండో పీరియడు: వహనం

ఒకే మందం, 20 సెంటీమీటర్ల పొడవున్న రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు. వేడిచేసే కొస నుంచి 4, 8, 12 సెంటీమీటర్ల దగ్గర మైనంతో గుండుసూదులు అతికించాలి. రాగి పక్కన అల్యూమినియం పెడితే తీర్పు తేలదు. రాగి ఉష్ణవాహకత, అంటే ఉష్ణాన్ని తనగుండా పోనిచ్చే గుణం, సుమారు 400, అల్యూమినియంది 235 ప్రాంతం (వాట్లు, మీటరుకు, కెల్విన్‌కు). అయితే అదే ఘనపరిమాణం వేడెక్కడానికి అల్యూమినియానికి తక్కువ ఉష్ణం చాలు కాబట్టి మైనం కరిగి సూదులు దాదాపు ఒకేసారి రాలతాయి. స్టెయిన్‌లెస్ స్టీలుది 15 దరిదాపు, తేడా కంటికి ఆనుతుంది. మైనం చుక్కలు ఒకే పరిమాణంలో లేకపోతే మాత్రం 8 దగ్గరి సూది 4 దగ్గరిదానికంటే ముందు పడిపోవచ్చు. ఫ్యాను ఆపాలి.

బొమ్మలో కడ్డీ నిండా కణాలకు గుర్తుగా చుక్కలు, వేడి కొసన చుక్కల చుట్టూ ఎక్కువ కంపన గీతలు. రెండు తప్పులు తప్పకుండా వస్తాయి: చుక్కనే పెద్దది చేయడం, చుక్క కడ్డీ వెంట నడిచి వెళ్లినట్టు గీయడం. కణం ఉబ్బదు, తన చోటే కంపిస్తుంది. నల్ల బాణం ఈ పేజీలో ఎక్కడా ఉండకూడదు. దిద్దేటప్పుడు అదొక్కటి చూస్తే చాలు.

మూడో పీరియడు: సంవహనం

500 మిల్లీలీటర్ల బీకరులో 400 మిల్లీలీటర్ల చల్లని నీళ్లు. రెండు నిమిషాలు కదలకుండా ఉంచాకే పొటాషియం పర్మాంగనేటు పలుకు ఒకటి, గాజు గొట్టం గుండా అడుగున ఒక పక్కకు జారవిడవాలి. గొట్టం పైకొస వేలితో మూసి మెల్లగా తీయాలి. మంట చిన్నది, సరిగ్గా పలుకు కిందే. అడుగంతా వేడెక్కితే చక్రం కనబడదు, రంగు గజిబిజిగా లేస్తుంది. రెండు పలుకులు వేసినా అంతే, నీళ్లన్నీ ఊదా అయిపోయి ఏమీ తెలియదు.

ఇక్కడ నల్ల బాణమే అసలు పాత్ర: వేడి పక్క పైకి, ఎదుటి పక్క కిందికి. “వేడి పైకి పోతుంది” అని రాస్తే ఒప్పుకోవద్దు. పైకి పోయేది వేడెక్కి సాంద్రత తగ్గిన నీరు. కడ్డీలో ఉష్ణం కిందికైనా పోతుందని రెండో పేజీ తిప్పి చూపించండి.

నాలుగో పీరియడు: వికిరణం

ఒకే రకం రెండు డబ్బాలు, ఒకదానికి మెరుపులేని నల్ల రంగు, రెండోది తళతళలాడేది. మధ్యలో 100 వాట్ల ఫిలమెంటు బల్బు, చెరో వైపు 15 సెంటీమీటర్లు. ఎల్ఈడీ పనికిరాదు, దాని వెలుగులో పరారుణ కిరణాలు (కంటికి కనబడకుండా ఉష్ణాన్ని మోసేవి) చాలా తక్కువ. డబ్బాలు బల్బుకు పైన కాక పక్కనే ఉండాలి, లేకపోతే పైకి లేచే గాలి లెక్క చెడగొడుతుంది. నీళ్లు పోయడం దండగ: 200 మిల్లీలీటర్లు ఒక్క డిగ్రీ పెరగడానికే 840 జౌళ్లు కావాలి, తేడా తేలడానికి చాలాసేపు పడుతుంది. ఖాళీ డబ్బా, అట్టమూత, గోడకు తగలకుండా థర్మామీటరు. రెండు నిమిషాలకోసారి రీడింగు, ఎరుపు నీలం గీతల గ్రాఫుగా.

మిగిలినది: మాటలు లేకుండా, గుర్తులతోనే థర్మాస్ ఫ్లాస్కు అడ్డుకోత బొమ్మ. రెండు గోడల మధ్య శూన్యం దగ్గర ఎర్ర, నల్ల బాణాలు ఆగాలి, వెండిపూత దగ్గర అలల బాణం వెనక్కి తిరగాలి. బిరడా, మెడ దగ్గర మాత్రం సన్నని ఎర్ర బాణం బయటికి పోతూనే ఉండాలి. అది గీసినవాళ్ల కాగితాలు విడిగా తీసి పెట్టాలి.