డేరాల రాజధానిలో ఒక రోజు

మైదుకూరులో బస్సెక్కేటప్పటికి ఇంకా ఆరు కాలేదు. పక్కన మా చెల్లెలి కూతురు. గ్రూప్-2కు చదువుతోంది. పాలిటీ పుస్తకం ఒళ్లో పెట్టుకొని, ఆళ్లగడ్డ వచ్చేలోపే మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, రాష్ట్ర శాసన వ్యవస్థ అంటే అసెంబ్లీ, కౌన్సిల్. ఇంతే కదా?"

"గవర్నర్‌ను మరిచిపోయినావు పాపా."

రాజ్యాంగం 168వ అధికరణం గవర్నర్‌తోనే మొదలవుతుంది. ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాడు. అయినా సభలను సమావేశపరిచేది ఆయన పేరు మీదే, బిల్లు చట్టం కావాలంటే ఆయన ఆమోదం ఉండాల్సిందే. హైస్కూల్లో ఇరవై రెండేళ్లు ఈ పాఠం చెప్పినాను. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, ఎంత? పదిమంది గానీ, మొత్తం సభ్యుల్లో పదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అది. 175 మంది ఉన్న మన సభకు పద్దెనిమిది మంది. పిల్లలు రాసుకునేవాళ్లు, పరీక్షయ్యాక మరిచిపోయేవాళ్లు. వాళ్ల తప్పు కాదు. మన సీమలోనే ఒక శాసనసభ నడిచిన కథను పక్కన పెట్టి అంకెలు మాత్రం చెబితే ఎవరికి గుర్తుంటాయి? అందుకే ఈసారి పాపను కర్నూలుకు తీసుకుపోతున్నాను.

నంద్యాలలో టీ. పాణ్యం దాటినాక నల్లరేగడి చేలు, ఓర్వకల్లు దగ్గర రాతిగుట్టలు. కర్నూల్లో దిగీ దిగగానే ఉగ్గాణి, మిరపకాయ బజ్జి. ఆ తర్వాతే ఏ చరిత్రైనా.

ఆటోలో కొండారెడ్డి బురుజు దగ్గరికి పోయినాం. బురుజు నీడలో కూర్చొని పాపకు 1937 నుంచి చెప్పుకొచ్చినాను. ఆ ఏడు నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు ఒక మాట అనుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు చెరొక ప్రాంతంలో ఉండాలి, ఏది కావాలో సీమవాళ్లే ఎంచుకోవాలి. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలినాక రాష్ట్రం వచ్చింది. సీమ రాజధానిని కోరుకుంది. 1953 అక్టోబర్ 1న నెహ్రూ ఈ కర్నూలుకే వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించినాడు. గవర్నర్ చందూలాల్ త్రివేది, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. హైకోర్టు గుంటూరుకు పోయింది.

పక్కన టీ కొట్టు పెద్దాయన మా మాటలు వింటున్నట్టున్నాడు. "యాడ నుంచి వచ్చినారమ్మా?" అన్నాడు. చెప్పినాను. "మా నాయన ఆ డేరాలకు ఎద్దులబండితో నీళ్లు తోలినాడు. ఆఫీసులు డేరాల్లోనే ఉండె. మద్రాసు నుంచి వచ్చినోళ్లకు ఇండ్లు దొరక్క ఎన్ని తిప్పలు పడినారో చెప్పేటోడు. మూడేండ్లకు అంతా సర్దుకొని పోయిరి." ఇంకేమీ అనలేదు, గ్లాసులు కడుక్కుంటూ పోయినాడు. పాప చాలాసేపు ఆయన వైపే చూస్తూ కూర్చుంది.

ఆ మూడేళ్లలోనే ఒక శాసనసభ ఎట్లా నడుస్తుందో, ఎట్లా పడిపోతుందో చూపించే ఘట్టం ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం అదే.

కొత్త రాష్ట్రానికి అప్పటికప్పుడు ఎన్నికలు పెట్టలేదు. 1952లో మద్రాసు శాసనసభకు మన ప్రాంతం నుంచి గెలిచినవాళ్లే ఆంధ్ర శాసనసభ్యులైనారు, 140 మంది. స్పీకర్ నల్లపాటి వెంకటరామయ్య. మద్యనిషేధం మీద రగిలిన గొడవ అవిశ్వాస తీర్మానం దాకా వచ్చింది. 1954 నవంబర్ 6న ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయింది.

"ఒక్క ఓటా! మరి స్పీకర్ ఓటేసి ఉండొచ్చు కదా?"

అదే అడగాల్సిన ప్రశ్న. స్పీకర్ మొదట ఓటు వేయడు. రెండు వైపులా సమానంగా వచ్చినప్పుడే ఆయన ఓటు, అదే నిర్ణాయక ఓటు. ఆ రోజు తేడా ఒకటి ఉంది కాబట్టి ఆ అవసరం రాలేదు. ప్రభుత్వం వైపు ఇంకొక్కరు వచ్చి కూర్చున్నా లెక్క సమానమయ్యేది, రాష్ట్రం భవిష్యత్తు స్పీకర్ నోటి మాట మీద నిలిచేది. విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే సభ్యత్వం పోయే చట్టం అప్పటికి లేదు. అది 1985లో, రాజ్యాంగం పదో షెడ్యూలుగా వచ్చింది. మంత్రిమండలి శాసనసభకు బాధ్యత వహిస్తుంది అనే వాక్యాన్ని నేను వందసార్లు బోర్డు మీద రాసినాను. దాని అర్థం ఆ ఒక్క ఓటు.

ఆ తర్వాత రాష్ట్రపతి పాలన, ఎన్నికలు. 1955 మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయినాడు. ఈసారి సభలో 196 మంది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది.

కర్నూలు సభ ఒంటిసభ. శాసనమండలి 1958లో హైదరాబాదులో మొదలైంది, 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. అసెంబ్లీ తీర్మానం చేస్తే పార్లమెంటు చట్టంతో మండలిని పెట్టొచ్చు, తీసేయొచ్చు. మండలి సంఖ్య అసెంబ్లీలో మూడో వంతు దాటకూడదు, అందుకే మనకు 58. ఎమ్మెల్యేలు ఎన్నుకునేవి 20, స్థానిక సంస్థలవి 20, పట్టభద్రులవి 5, ఉపాధ్యాయులవి 5, గవర్నర్ నామినేట్ చేసేవి 8. నేను ఉపాధ్యాయుల స్థానానికి ఓటేసినదాన్ని. ఆ రోజు క్యూలో నిలబడ్డప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ గుర్తుంది.

కర్నూలువాళ్లకు మండలి అంటే పుస్తకంలో మాట కాదు. 2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు అసెంబ్లీలో నెగ్గింది. అందులో కర్నూలు న్యాయ రాజధాని. రెండు రోజులకు మండలి ఛైర్మన్ దాన్ని సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును నిశితంగా పరిశీలించే సభ్యుల బృందానికి, పంపాలన్నారు. 27న మండలిని రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానించింది. జూన్‌లో బిల్లును రెండోసారి ఆమోదించింది, జూలై 31న గవర్నర్ సంతకం పడింది. ఇక్కడ పాపకు 197వ అధికరణం వేళ్ల మీద లెక్కపెట్టి చూపించినాను. మామూలు బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు ఆపగలదు, అసెంబ్లీ మళ్లీ పంపితే ఒక నెల. ఆ తర్వాత ఒప్పుకున్నా లేకున్నా బిల్లు నెగ్గినట్టే. డబ్బు బిల్లైతే పద్నాలుగు రోజులే. 2021 నవంబర్‌లో ఆ చట్టాన్నీ, మండలి రద్దు తీర్మానాన్నీ సభే వెనక్కి తీసుకుంది.

ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని పాప అడిగింది. రాజధాని సంగతి నేను తేల్చేది కాదన్నాను. కానీ మండలి పెట్టగల ఆ నాలుగు నెలల ఆలస్యం వృథా అని మాత్రం నేను అనుకోను. ఒక బిల్లు గురించి ఊరూరా జనం మాట్లాడుకోవడానికి ఆ పాటి గడువు కావాలి.

మధ్యాహ్నం ఎండలోనే పెద్దపాడుకు పోయినాం. దామోదరం సంజీవయ్య పుట్టిన ఊరు, నగరానికి దగ్గరే. 1921లో పేద దళిత కుటుంబంలో పుట్టి, ఆంధ్ర రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960 జనవరిలో ముప్పై ఎనిమిదేళ్లకే ముఖ్యమంత్రి అయిన మనిషి. ముసలివాళ్లకు పింఛను మొదలుపెట్టింది ఆయన ప్రభుత్వమే. ఊళ్లో పేరు చెప్పగానే ఒక పిల్లోడు ముందు నడిచి దారి చూపించినాడు. ఆ వీధిలో నిలబడి పాప ఏమీ రాసుకోలేదు, ఫొటో తీసుకోలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

తిరుగు బస్సు ఓర్వకల్లు దాటేసరికి చీకటి పడింది. పాప ఫోన్ వెలుతురులో పుస్తకం తెరిచింది. స్పీకర్ నిర్ణాయక ఓటు అన్న వాక్యం పక్కన ఖాళీలో "కర్నూలు, 6-11-1954" అని రాసి, దాని కింద ఇంకో ప్రశ్న రాసుకుంది: ఆ రోజు రానివాళ్లు ఎవరు?