చిదుగుల పొయ్యి మీద లీటరు నీళ్లు

చేతిలో పట్టే స్టీలు డబ్బా పొయ్యి, అందులో నాలుగు ఎండుపుల్లలు, పైన గిన్నెలో నీళ్లు. ఇదంటే నాకెంత ఇష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినవాళ్లు చాలామంది ఆన్‌లైన్లో తెప్పించుకుని ఒకసారి వెలిగించి "పొగ తప్ప మంట రావట్లేదు" అని అటక మీద పడేస్తున్నారు, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే ఇది రాస్తున్నా. నేను చెప్పేది ఒక్కటే, నీళ్లు మరుగుతాయా లేదా అన్నది అగ్గిపుల్ల గీయక ముందే, పుల్లలు ఏరేటప్పుడే తేలిపోద్ది.

ముందు పొయ్యి సంగతి. సోలో స్టవ్ లైట్ అనే మోడల్ లాంటివి పావుకేజీ బరువుంటాయి, దాని బాపతు చవక రకాలు కూడా బోలెడు దొరుకుతున్నాయి. అన్నిటికీ రెండు గోడలుంటాయి, కింద వరసగా బెజ్జాలు, లోపలి గోడకి పైఅంచు దగ్గర ఇంకో వరస బెజ్జాలు. కింద నుంచి పోయిన గాలి కొంత, పుల్లలు పేర్చే అడుగు జల్లెడ గుండా వాటికి అందుతుంది, మిగతాది రెండు గోడల మధ్య వేడెక్కి పైకి పోయి ఆ పై బెజ్జాల్లోంచి లోపలికి దూకుతుంది. కట్టె వేడెక్కితే ముందు దాన్నుంచి వాయువులు బయటికొస్తాయి కదా, మామూలు పొయ్యిలో అవి సగం కాలకుండానే పొగ అయి కళ్లల్లోకి పోతాయి, ఇక్కడ మాత్రం వేడిగాలి తగిలి అక్కడికక్కడే అంటుకుంటాయి. మంట బాగా పట్టాక చూడండి, ఆ బెజ్జాల నుంచే చిన్న చిన్న మంటలు వస్తున్నట్టు కనపడతాయి, గ్యాస్ స్టవ్ బర్నర్ లాగే.

ఈ పొయ్యిలో పుల్లలు పేర్చి కింద నుంచి కాకుండా పై నుంచి వెలిగించాలి, ఈ పద్ధతి మీద అమెరికాలో టామ్ రీడ్ అనే ఆయన 1980ల్లోనే పని మొదలుపెట్టారు. మన హైదరాబాద్‌లో సాయి భాస్కర్ రెడ్డి నక్కా గారు పల్లెల్లో వంటకి పనికొచ్చేలా ఇలాంటి పొయ్యిలు చాలా డిజైన్ చేసి, ఎవరైనా చేసుకోవచ్చని వదిలేశారు. మన దగ్గర మనిషి ఇంత పని చేస్తే మనలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధే.

నేను ఎక్కువగా వెలిగించేది బాపట్ల వైపు, సముద్రానికి దగ్గర్లో మా పిన్ని వాళ్ల సరుగుడు తోట పక్కన. సరుగుడు లాంటి వంటచెరుకు ఇంకోటి లేదని నా అభిప్రాయం, పచ్చిది కూడా కాలుతుంది. 19వ శతాబ్దంలో మద్రాసు వైపు తీరంలో ఈ చెట్లు పెంచింది కూడా రైలింజన్లకి కట్టెల కోసమే. సన్న కొమ్మలు ఎండి కింద రాలి ఉంటాయి, ఆకులు అని మనం అనుకునే ఆ సన్నటి నూగు రాజెయ్యడానికి సరిగ్గా సరిపోతుంది, కాయలు కూడా చాలాసేపు నిప్పు నిలబెడతాయి. తెలంగాణ వైపు అయితే తుమ్మ పుల్లలు ఉండనే ఉన్నాయి, ఏరేటప్పుడు ముళ్లు చూసుకోవాలంతే. గన్నేరు మాత్రం పొరపాటున కూడా వద్దు, అది విషం, పొగ కూడా మంచిది కాదు. ఏ చెట్టుదో తెలియని పుల్లని పొయ్యిలో పెట్టకండి.

పుల్ల విరిస్తే పటుక్కున విరగాలి. వంగిందంటే లోపల చెమ్మ ఉన్నట్టే, పక్కన పెట్టెయ్యండి. నేలకి ఆనుకుని పడున్న వాటికంటే కొమ్మల్లో ఇరుక్కుని ఎండినవి ఎప్పుడూ మేలు. లెక్క కూడా చెప్తా. లీటరు నీళ్లని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవాలంటే 70 కిలోక్యాలరీలు కావాలి, బాగా ఎండిన పుల్లలు కేజీకి దాదాపు 3500 ఇస్తాయి, అంటే వేడంతా గిన్నెకే పోతే 20 గ్రాములు చాలు, కానీ ఎక్కువ భాగం గాల్లో కలిసిపోద్ది కాబట్టి అయిదో వంతు చేరిందనుకున్నా 100 గ్రాములు. నేను 150 గ్రాముల దాకా ఏరి పెట్టుకుంటా. ఇక తడి సంగతి, పుల్లలో ఉన్న ఒక్క గ్రాము నీటిని ఆవిరి చెయ్యడానికి పోయే వేడితో గిన్నెలో దాదాపు ఎనిమిది గ్రాముల నీళ్లని మరుగుకి తేవచ్చు. మా పిన్ని ఏ లెక్కా లేకుండా ఇదే చెప్తుంది, "పొగొస్తందంటే కట్టె కాలట్లేదమ్మా, ఉడుకుతంది" అని.

ఏరినవి మూడు కుప్పలు చేసుకోండి, అగరొత్తి అంత సన్నవి, పెన్సిలు అంత లావువి, చిటికెనవేలు అంతవి. పొడవు డబ్బాలో పట్టేంతే ఉండాలి. లావువి అడుగున, సన్నవి పైన పేర్చండి, పై బెజ్జాలకి ఒక అంగుళం కింద దాకానే, వాటిని మూసేస్తే ఇంత డిజైనూ దండగే, పొగే పొగ. తర్వాత పై నుంచి వెలిగించండి, ఒక హారతి కర్పూరం బిళ్లో, కొబ్బరినూనెలో ముంచిన దూది వత్తో చాలు, కిరసనాయిలు లాంటివేమీ అక్కర్లేదు. మంట కిందికి పాకి పై బెజ్జాల దగ్గర ఆడే దాకా గిన్నె పెట్టొద్దు, చల్లటి గిన్నె అడుగు తగిలితే మంట చల్లబడి మసి కడుతుంది. గిన్నె వెడల్పుగా ఉండాలి, మూత ఉండి తీరాలి. ఇక అక్కణ్ణుంచి కదలకూడదు, రెండేసి మూడేసి పుల్లలు వేస్తూనే ఉండాలి, ఎందుకంటే ఇంత చిన్న పొయ్యిలో మంట తగ్గితే మళ్లీ లేపేసరికి గిన్నె చల్లారిపోద్ది. అన్నీ కుదిరితే పది నిమిషాల్లో లీటరు సలసలా మరుగుతుంది. సముద్రపు గాలి ఉంటే గాలి వచ్చే వైపు రేకు అడ్డం పెట్టండి, కింది బెజ్జాలు మాత్రం మూయకుండా.

తాగడానికైతే బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు, రెండు వేల మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. క్రిములు చస్తాయి, అంతవరకే. మా తీరంలో బోరు ఉప్పునీళ్లు ఎంత మరిగించినా ఉప్పగానే ఉంటాయి, నల్గొండ, కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. అలాంటి చోట మంచినీళ్లు వెంట తీసుకెళ్లడమే.

ఇంకో విషయం, దయచేసి సీరియస్‌గా తీసుకోండి. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు వెలిగించడం నేరం, పొయ్యి ఎంత చిన్నదైనా సరే. ఫిబ్రవరి నుంచి మే దాకా మన అడవులు ఎలా కాలిపోతున్నాయో చూస్తూనే ఉన్నాం. నేను పిన్ని వాళ్ల తోటలో కూడా చెట్ల కింద వెలిగించను, అక్కడ నేలంతా ఎండునూగే, నిప్పురవ్వ పడితే చాలు. తోట దాటి ఇసుకలోకి వచ్చి, కింద ఒక పొడి బండ పెట్టి, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని వెలిగిస్తా. అయిపోయాక బూడిదలో నీళ్లు పోసి పుల్లతో కలిపి చేత్తో తాకి చూసుకునే లేస్తా. టెంట్ లోపల అయితే అసలు పెట్టొద్దు, లోపల నిండే విషపు గాలి ప్రాణం తీస్తుంది.

గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు, ఊళ్లలో దొరకవు, ఈ పొయ్యికి ఆ గొడవే లేదు. మసి గురించి భయపడేవాళ్లకి, కట్టెల పొయ్యి మీద వండిన ప్రతి ఇంట్లోనూ తెలిసిన ఉపాయమే, గిన్నె అడుగుకి బయటవైపు తడిమట్టి పల్చగా పూసి పెడితే తర్వాత కడిగితే మసంతా మట్టితో పాటే పోద్ది. వానాకాలంలో మాత్రం అక్కడికెళ్లి ఏరుకుందాం అనుకోకండి, ఇంటి దగ్గరే రెండు గుప్పిళ్లు ఎండబెట్టి, జిప్ కవర్లో వేసి బ్యాగులో పెట్టుకుని వెళ్లండి.