అతని వంతు పరుగు
ఈ ఉదయం ఆర్కే బీచ్ ఇసుకలో ఫుట్‌బాల్ ఆడి వచ్చాను, పిక్కలు పట్టేశాయి. మా జట్టులో గోల్స్ కొట్టే కుర్రాడు బంతి పోగానే నడుం మీద చేతులు వేసుకుని నిలబడతాడు. అతని వంతు పరుగు కూడా నాదే. కోపం వచ్చింది.

కానీ 2022 ప్రపంచకప్‌లో మెస్సీ నడుస్తుంటే అర్జెంటీనా సహచరులు డి పాల్, ఎంజో, మాక్ అలిస్టర్ అతని కోసం పరుగెత్తారు. కోచ్ స్కలోనీ తెలిసే చేసుకున్న సర్దుబాటు అది. ఒక్కరి కోసమైతే సరే, ముగ్గురి కోసమైతే కష్టం. మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపే కలిసి ఆడిన రెండు సీజన్లూ పారిస్ క్లబ్బు పీఎస్‌జీ యూరప్ క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో ప్రీక్వార్టర్స్ దాటలేదు!

అదే క్లబ్బు అదే టోర్నీ 2025 ఫైనల్లో ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించింది. ఇంటర్ గోల్‌కీపర్ ముందు పీఎస్‌జీ ఫార్వర్డ్ డెంబెలే వంగి, బంతి లాక్కోవడానికి, దూకడానికి కాచుకున్న తీరు నా కళ్లలోంచి పోవడం లేదు. అతన్ని అలా ఆడించిన కోచ్ లూయిస్ ఎన్రికే మీద గౌరవం పెరిగింది.

రేపు మా కుర్రాడికి ఆ వీడియో చూపిస్తాను.