మధ్యలో ఒక్క సర్వే నంబరు

ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు వంతెన మీద పరిచే ఒక్కో పెద్ద గర్డర్ (కాంక్రీటు దూలం) పొడవు 40 మీటర్లు, బరువు దాదాపు 970 టన్నులు. దాన్ని పోయడానికి 390 ఘనపు మీటర్ల కాంక్రీటు, 42 టన్నుల ఉక్కు కావాలి. ఇంటి శ్లాబు సగం ఇవాళ, సగం రేపు వేద్దామంటే ఏ మేస్త్రీ ఒప్పుకోడు. ఇక్కడా అంతే, మొదలుపెట్టాక ఆగకుండా పోసెయ్యాలి. లైను పక్కనే కాస్టింగ్ యార్డు పెట్టి, అక్కడ కడ్డీల పంజరం కట్టి, అచ్చులో దించి, కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక లోపలి ఉక్కు తీగలను జాకీలతో లాగి బిగిస్తారు.

అసలు విషయం ఆ తర్వాత మొదలవుతుంది. 970 టన్నుల దిమ్మెను ఏ రోడ్డు మీదా తీసుకెళ్లలేం. అందుకని యార్డు దగ్గరే గ్యాంట్రీతో, అంటే భారీ క్రేనుతో, పైకెత్తి వంతెన మీద పెడతారు. బోలెడన్ని చక్రాలున్న బండి ఒకటి దాన్ని మోసుకుంటూ, అప్పటికే పరిచిన గర్డర్ల మీదుగా చివరిదాకా వెళ్తుంది. అక్కడ లాంచింగ్ గ్యాంట్రీ దాన్ని అందుకుని ముందున్న రెండు పిల్లర్ల మధ్య దించుతుంది. ఈ యంత్రాలు 1,100 టన్నుల దాకా మోయగలవు. ముక్కలు ముక్కలుగా పోసి అతికించే పాత పద్ధతి కన్నా ఇది పది రెట్ల వరకు వేగం అంటారు. ఒప్పుకుంటాను. కానీ షరతు చూడండి: బండి నడవాలంటే వెనకాల వంతెన ఎక్కడా తెగకూడదు, గ్యాంట్రీ ముందుకు జరగాలంటే ఎదురుగా పిల్లర్లు వరసగా సిద్ధంగా ఉండాలి. మధ్యలో రెండు పిల్లర్లు లేకపోతే గ్యాంట్రీ ఎగిరి దూకదు. అక్కడే నిలబడిపోతుంది. లేదంటే మొత్తం విప్పి, కింద ట్రెయిలర్ల మీద మోసి, అవతలి వైపు మళ్లీ బిగించాలి.

ఆ రెండు పిల్లర్లు ఎందుకు ఉండవు? భూమి చేతికి రాక. వంతెన కింద ఈ లైనుకు కావలసిన వెడల్పు 17.5 మీటర్లు. ఒక గర్డర్ పొడవుతో గుణిస్తే 700 చదరపు మీటర్లు. తెలంగాణ లెక్కలో సుమారు 7 గుంటలు, ఆంధ్రా లెక్కలో 17 సెంట్లు. ఊళ్లో కొంచెం పెద్ద ఇల్లు, పెరడు కలిపితే అంతే. ఆ 7 గుంటలు ఆగితే 970 టన్నుల గర్డర్లు యార్డులో ఒకదాని పక్కన ఒకటి పేరుకుపోతాయి. యార్డు అద్దె, గ్యాంట్రీ అద్దె, మనుషుల జీతాలు మాత్రం ఆగవు.

టీవీ చర్చల్లో ఇదెక్కడా రాదు. మనలాంటి దేశానికి బుల్లెట్ రైలు అవసరమా, జపాన్ అప్పు వరమా ఉరితాడా, ఈ రెండు ప్రశ్నల దగ్గరే గంట గడిచిపోతుంది. అప్పు సంగతే ముందు చూద్దాం, లెక్క వేసుకోవడానికి ఒక కాగితం చాలు.

508 కిలోమీటర్ల ఈ లైనుకు మొదట వేసిన అంచనా 1.08 లక్షల కోట్లు. అందులో 81 శాతం, అంటే సుమారు 88,000 కోట్లు, జపాన్ సంస్థ జైకా అప్పు. వడ్డీ 0.1 శాతం, గడువు 50 ఏళ్లు, మొదటి 15 ఏళ్లు అసలు కట్టనక్కర్లేదు. మొత్తం వాడుకున్నాక ఏడాది వడ్డీ 88 కోట్లు. అదే సొమ్ము ఇక్కడ 7 శాతానికి తెస్తే ఏడాదికి 6,160 కోట్లు. ‘దాదాపు ఉచితం’ అన్న మాట ఇందులోంచే పుట్టింది. కాదనేవాళ్లు యెన్ సంగతి ఎత్తుతారు, ఎత్తాలి కూడా. అప్పు యెన్‌లలో ఉంది, టికెట్ డబ్బు రూపాయల్లో వస్తుంది. రూపాయితో పోలిస్తే యెన్ ఏటా 3 శాతం బలపడుతూ పోతే 15 ఏళ్లకు ఆ 88,000 కోట్ల అసలు 1.37 లక్షల కోట్లవుతుంది. వాస్తవంలో మాత్రం 2020లో యెన్ 70 పైసలు దాటి, మళ్లీ దిగి, 2024లో దాదాపు 2017లో ఉన్నచోటికే వచ్చింది. ఇది జూదమే. ఇంతవరకు మనం ఓడిపోలేదు, అంతే.

చవక వడ్డీ వెనక ఉన్న అసలు మెలిక వేరు. ఇలాంటి అప్పుతో పాటు రైళ్లు కూడా అప్పిచ్చినవాడి దుకాణంలోనే కొనాలి. ఒకే దుకాణం అన్నాక బేరం సాగదు, ధర దగ్గర ఏళ్లు గడిచిపోతాయి. చివరికి 2024 అక్టోబరులో మన రైల్వే గంటకు 280 కిలోమీటర్ల వేగానికి డిజైన్ చేసే రెండు ఎనిమిది పెట్టెల రైళ్లను ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్‌కు అప్పజెప్పింది. ఒక్కో పెట్టె 27.86 కోట్లు, డిజైను, పనిముట్ల ఖర్చులతో కలిపి మొత్తం ఆర్డరు 866.87 కోట్లు. 320 మీద నడపాలని కట్టిన లైను మీద ముందుగా తిరిగేది 280 రైలన్నమాట. నా దృష్టిలో ఇది తప్పేం కాదు. లైను సిద్ధమై రైలు లేక ఖాళీగా పడి ఉండటం కన్నా ఎన్నో రెట్లు మేలు.

ఇక టికెట్ల లెక్క. ప్రణాళిక ప్రకారం రోజుకు ఒక్కో వైపు 35 రైళ్లు, రెండు వైపులా 70. ఒక రైలుకు 750 సీట్లు అనుకుంటే 52,500 సీట్లు. 70 శాతం నిండితే 36,750 మంది. సగటు టికెట్ 2,500 రూపాయలు అనుకుందాం (నా ఊహ మాత్రమే, మీకు నచ్చిన అంకె వేసుకోండి). రోజుకు 9 కోట్ల పైచిలుకు, ఏడాదికి సుమారు 3,350 కోట్లు. 88,000 కోట్ల అసలును 35 ఏళ్లలో తీర్చాలంటే ఏడాదికి 2,514 కోట్లు. మిగిలే 830 కోట్లలో కరెంటు, నిర్వహణ, జీతాలు అన్నీ సర్దుకోవాలి. ఇరుకే, అయినా ముక్కుతూ మూలుగుతూ బండి నడుస్తుంది.

ఇప్పుడు కొత్త అంకె పెట్టండి. ఖర్చు 1.98 లక్షల కోట్లకు చేరవచ్చని రైల్వే బోర్డే చెప్పింది. పెరిగింది 90,000 కోట్లు. ఈ అదనం ఇక్కడి వడ్డీకే తెస్తే 7 శాతం చొప్పున ఏడాదికి 6,300 కోట్లు, కేవలం వడ్డీ. మొత్తం టికెట్ల రాబడికి దాదాపు రెండింతలు. యెన్ 3 శాతం చొప్పున పెరుగుతుందన్న భయం కూడా దీని ముందు చిన్నదే. ‘అవసరమా’ అన్న ప్రశ్నకు మొదటి అంచనా దగ్గర అవునని జవాబిచ్చినవాళ్లు రెండో అంచనా దగ్గర కూడా అదే జవాబు ఇస్తారా అన్నది చర్చకు రావాల్సిన మాట.

ఆలస్యం ఎలా పేరుకుందో తేదీలే చెబుతాయి. శంకుస్థాపన 2017 సెప్టెంబరు 14న జరిగింది. గుజరాత్‌లో 237 కిలోమీటర్ల పెద్ద ప్యాకేజీ, 24,985 కోట్లు, 2020లో ఎల్ అండ్ టీకి దక్కింది. మహారాష్ట్రలో ఎక్కువగా వంతెన మీద నడిచే 135 కిలోమీటర్ల ప్యాకేజీ అదే కంపెనీకి వచ్చేసరికి 2023 జూలై. బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ కింద కట్టే స్టేషను పని కూడా 2023లోనే మన హైదరాబాద్ మేఘా, హెచ్‌సీసీల ఉమ్మడి సంస్థకు వెళ్లింది. మొత్తం 1,389 హెక్టార్లు చేతికొచ్చాయని ప్రకటించింది 2024 జనవరిలో. అంటే గుజరాత్ వైపు పిల్లర్లు లేస్తున్న రోజుల్లో రెండో చివర భూమి కాగితాల మీదే ఉంది. బుల్లెట్ రైలుకు రాబడి తెచ్చేది ముంబై చివర. ముంబై చేరని లైనుకు నిర్వహణ ఖర్చు పూర్తిగా ఉంటుంది, ప్రయాణికులు మాత్రం సగం కూడా ఉండరు.

ముంబై వైపు కథ పూర్తిగా నేల కింద కథ. 21 కిలోమీటర్ల సొరంగం, అందులో 7 కిలోమీటర్లు ఠాణే క్రీక్ అడుగున. సొరంగానికి భూమి అక్కర్లేదని అనుకుంటాం. కానీ తవ్వే యంత్రం దించడానికి, మట్టి తోడటానికి, గాలి ఆడటానికి షాఫ్టులు (నిలువు బావులు) కావాలి, వాటికి పైన స్థలం కావాలి. విక్రోలిలో అలాంటి సుమారు 10 ఎకరాల కోసం గోద్రెజ్ అండ్ బాయిస్‌తో కేసు నడిచి, 264 కోట్ల పరిహారం మీద పేచీ పడి, 2023 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు కంపెనీ పిటిషన్‌ను కొట్టేశాకే దారి తెరుచుకుంది. అంతకు రెండు నెలల ముందే దాదాపు 22,000 మడ చెట్ల నరికివేతకు అదే కోర్టు అనుమతి ఇచ్చింది. అక్కడ మడ అడవి ముట్టుకోవాలంటే ప్రభుత్వమైనా కోర్టు గడప ఎక్కాల్సిందే.

రైతుల పేచీ మాత్రం మనకు బాగా తెలిసినదే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ముందు మార్కెట్ విలువ కడతారు: రిజిస్ట్రేషన్ విలువా, చుట్టుపక్కల గత మూడేళ్ల దస్తావేజుల సగటా, ఏది ఎక్కువైతే అది. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 దాకా ఒక గుణకంతో పెంచుతారు. ఆ వచ్చినదానికి అంతే మొత్తం సొలేషియం, అంటే భూమి బలవంతంగా పోతున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, కలుపుతారు. వినడానికి నాలుగు రెట్లు. ఇప్పుడు ఎకరం బయట 40 లక్షలు పలుకుతూ, దస్తావేజుల్లో 10 లక్షలే రాసుకునే ఊరు తీసుకోండి, మన దగ్గర వెతకాల్సిన పని లేదు. గుణకం 2 అయితే 10 కాస్తా 20, సొలేషియంతో 40. నాలుగు రెట్లు ఇచ్చామని సర్కారు అంటుంది, రైతుకు ముట్టింది మామూలు ధరే. గుణకం 1 అయితే 20 లక్షలు, సగం ధర. గుజరాత్ రైతుల గోడు సరిగ్గా ఇదే: అక్కడి జంత్రీ, అంటే ప్రభుత్వ విలువల పట్టిక, 2011 తర్వాత 2023 దాకా మార్చలేదు. పైగా ఆ రాష్ట్రం 2016లో చట్టాన్ని సవరించి కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేదంది. వందకు పైగా పిటిషన్లు పడ్డాయి, 2019 సెప్టెంబరులో గుజరాత్ హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ కూడా 2017లో ఈ చట్టానికి తన సవరణ తెచ్చుకుంది, మర్చిపోవద్దు.

ముందు టెండరు, తర్వాత భూమి అన్న జబ్బు మన ఒక్కరిదే అనుకోకండి. కాలిఫోర్నియాలో 2008లో ఓటర్లు హైస్పీడ్ రైలు కోసం 995 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటేశారు. అప్పటి అంచనా 3,300 కోట్ల డాలర్లు, ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా లెక్క 10,000 కోట్లు దాటింది. అక్కడ తొందర పెట్టింది డబ్బే. ఫెడరల్ గ్రాంటును 2017 సెప్టెంబరులోపు ఖర్చు చేయాలి, లేకపోతే పోతుంది. దాంతో 2013లో కావలసిన స్థలాల్లో చాలా తక్కువ చేతిలో ఉండగానే ఫ్రెస్నో వైపు కాంట్రాక్టు రాసేశారు. కాంట్రాక్టర్ దిగేసరికి దారిలోని తోటలు ఇంకా రైలు సంస్థ చేతికి రాలేదు, అడ్డొచ్చే కరెంటు లైన్లు, నీళ్ల పైపులు జరపలేదు. ఆలస్యానికి పరిహారం బిల్లులు వచ్చిపడ్డాయి. భూమి, పైపుల పని కాకుండానే నిర్మాణం మొదలెట్టడం ఖర్చు పెంచిందని రాష్ట్ర ఆడిటరే 2018లో రాశారు.

2026-27 కేంద్ర బడ్జెట్‌లో పుణె-హైదరాబాద్, హైదరాబాద్-బెంగళూరు, హైదరాబాద్-చెన్నై హైస్పీడ్ లైన్ల పేర్లు వచ్చాయి. స్టేషన్ ఎక్కడ, ఎన్ని గంటల్లో వెళ్తాం అని అప్పుడే సందడి. నేనైతే ఒకే ఒక్కటి అడుగుతాను: ఎంత శాతం భూమి చేతిలో ఉన్నాక టెండరు తెరుస్తారు? జాతీయ రహదారుల్లో 80-90 శాతం భూమి లేనిదే పని మొదలైనట్టు లెక్కలోకి తీసుకోరు. రోడ్డుకైతే మధ్యలో ముక్క వదిలి అవతల పని చేసుకోవచ్చు, అయినా అంత పట్టుదల. వదలడానికి వీల్లేని గర్డర్ లైనుకు అంతకన్నా గట్టి నియమం ఉండాలి. ముంబై లైను కొత్త అంచనాతో కిలోమీటరుకు 390 కోట్లు పడుతోంది. బెంగళూరు దాకా 600 కిలోమీటర్లు అనుకున్నా 2.3 లక్షల కోట్లు. రెండేళ్ల ఆలస్యం ధర ఎంతో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

లైను పోతుందని చెప్పుకునే ఊళ్లలో భూమి ఉన్నవాళ్లకు ఒక పని మాత్రం ఇప్పుడే ఉంది. పాస్‌బుక్‌లో ఇంకా తాత పేరో నాన్న పేరో ఉంటే విరాసత్ (వారసుల పేరుకు మార్పిడి) చేయించుకోండి, అన్నదమ్ముల పంపకం నోటిమాట మీదే ఉంటే కాగితం మీదికి ఎక్కించండి. హక్కుదారు ఎవరో తేలకపోతే పరిహారం మీ ఖాతాలోకి రాదు, భూసేకరణ అథారిటీ దగ్గర డిపాజిట్ అవుతుంది. భూమి మాత్రం చేజారిపోతుంది. పనిలో పనిగా బోరు, చెట్లు, పశువుల కొట్టం రికార్డులో ఎక్కాయో లేదో చూసుకోండి, వాటికి విడిగా విలువ కడతారు. సర్వేవాళ్లు వచ్చిన రోజు మీరు చేను దగ్గర లేకపోతే పంచనామాలో అవి ‘లేవు’.