రాత్రి నిద్ర పట్టలేదు

రాత్రి ‘బాయ్స్ డోంట్ క్రై’ చూశాను. 1999 నాటి సినిమా, నిజంగా జరిగిన కథ. అమెరికాలోని నెబ్రాస్కాలో ఫాల్స్ సిటీ అనే చిన్న ఊరికి బ్రాండన్ టీనా కుర్రాడిగా వస్తాడు. అందరూ కలుపుకుంటారు. పుట్టుకతో ఆడపిల్ల అని బయటపడగానే ఆ స్నేహితులే మీద పడతారు.

బ్రాండన్‌గా చేసిన హిలరీ స్వాంక్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు. అద్దంలో తనను చూసుకుని మురిసిపోయే ఆ నవ్వు చాలు.

హంతకుల కంటే స్టేషన్ సీనుకే నాకు ఒళ్లు మండింది. అత్యాచారం చేశారని చెప్పుకోవడానికి వెళ్తే, ‘అసలు నువ్వెవరు’ అన్నట్టు గుచ్చి గుచ్చి అడుగుతారు. అప్పుడు నిజంగానూ అంతే, వాళ్లను వెంటనే అరెస్టు చేయలేదు. 1993 డిసెంబర్ 31న బ్రాండన్‌ని చంపేశారు. 21 ఏళ్లు.

పొద్దున అమ్మ ‘కళ్లేంట్రా అలా ఉబ్బాయి?’ అంది. సినిమా చూశానన్నాను. ఏ సినిమా అని అడగలేదు.