ముందు ఊపిరి కుదురుతుంది, కాళ్ళు తర్వాత: 104 కిలోల నుంచి పరుగు దాకా నా అనుభవం

ఈ మధ్య తెలిసినవాళ్ళు ఎవరు కనిపించినా ఒకటే మాట, పరిగెత్తి పరిగెత్తి తగ్గావంట గదా అని. కాదండీ. బరువు తగ్గింది కంచం దగ్గర, పరుగు చేసిన పని వేరే. ఆ రెండూ ఒకటే అనుకుని గ్రౌండుకి పోయినవాళ్ళు నెల తిరక్కుండానే మోకాళ్ళు పట్టుకుని వదిలేస్తున్నారు, నా కళ్ళ ముందే ఇద్దరు ముగ్గురు అట్టా వదిలేశారు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. బాగా లావుగా ఉన్న ఆడమనిషి మన నెల్లూరు లాంటి ఊళ్ళో ఇది ఎట్టా మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు అప్పట్లో నాకు దొరకలేదు.

నాకు 36 ఏళ్ళు, ఎత్తు 158 సెంటీమీటర్లు, మొదట్లో బరువు 104. వేదాయపాళెంలో ఇల్లు, పొద్దున పోతే సాయంత్రం దాకా ఆఫీసులో కుర్చీలోనే పని. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు అట్టాగే ఉండిపోయింది. మా నాయనకి నలభైల్లోనే షుగర్ వచ్చింది, ఆయన కాలి పుండు మానక పడిన అవస్థ ఇంట్లో అందరం చూశాం, కాబట్టి నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, 6.2 అని రిపోర్టు వచ్చిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చిందని అర్థం. మన దేశంలో వాళ్ళకి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క, 25 దాటితేనే ఊబకాయం కింద లెక్కేస్తారు, నాది 41 పైన.

డాక్టర్ గారు బీపీ, థైరాయిడ్, ఈసీజీ అన్నీ చూసి, పరుగు సంగతి తర్వాత, ముందు నడువమ్మా, ఒక పది కిలోలు దించుకుని రా అన్నారు. ఎందుకో కూడా చెప్పారు. నడిచేటప్పుడు అడుగు పడ్డప్పుడల్లా కాలి మీద పడే భారం మన బరువు కంటే కాస్త ఎక్కువ, అంతే. పరిగెత్తేటప్పుడు రెండు నుంచి మూడు రెట్లు, అదీ ఒక్క కాలి మీద. 104 కిలోల మనిషికి అది 200 పైమాటే. ఇంకోటి, మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళ మీద చేసిన ఒక పరిశోధనలో, ఒంట్లో ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గిందంట. ఆ మాట నాకు బాగా ఎక్కింది, ఎందుకంటే ఒక కిలో తగ్గడం అనేది నా చేతిలో ఉన్న పనే గదా.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తా. అన్నం మానెయ్యలేదు, నెల్లూరోళ్ళకి అది అయ్యే పని కాదు, కానీ కొలిచి పెట్టుకోవడం మొదలుపెట్టా, వంటింట్లో చిన్న కాటా కొన్నా. కంచంలో సగం కూర, ఒక పక్క పప్పో గుడ్డో చేపో, మిగిలిన చోట అన్నం. చేపల పులుసు ఎప్పట్లాగే, కాకపోతే ముక్కలు ఎక్కువ, అన్నం తక్కువ. నూనె సీసాలోంచి వంచడం ఆపి స్పూనుతో పోశాం, అది మొత్తం ఇంటికే మేలు చేసింది. నేతి కారం దోసె ఆదివారం మాత్రం. ఈ లెక్క ఒక్కటి చూడండి: పరుగులో కిలోమీటరుకి కిలో బరువుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుద్ది, అంటే 93 కిలోల నేను 3 కిలోమీటర్లు పరిగెత్తితే 280 దాకా. ఒంట్లో ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. కంచం మార్చకుండా పరుగుతోనే ఒక కిలో కరగాలంటే వారానికి మూడు రోజుల చొప్పున రెండు నెలలు పట్టుద్ది. అందుకే చెప్పేది, బరువు కోసం పరిగెత్తకండి. మరి దేనికంటే, గుండెకి, షుగర్‌కి, నిద్రకి, నా మనసుకి. పరిగెత్తిన రోజు పిల్లల మీద అరవను, ఇది మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న విషయం.

ఆషాఢంలో మొదలుపెట్టిన నడక, తిండి కలిసి ధనుర్మాసం వచ్చేసరికి 93కి తెచ్చాయి. అప్పుడు డాక్టర్ గారు సరేనన్నారు. తెల్లవారుజామున గుళ్ళల్లో మైకులు మోగే వేళకి స్కూటీ మీద వీఆర్సీ గ్రౌండుకి పోయేదాన్ని, ఒంటరిగా చీకట్లో వద్దని మా వదిన గూడా వచ్చేది, ఆమె నడక, నా పరుగు. స్టేడియానికి పోవచ్చు గానీ నాకు మట్టి నేల బాగా అనిపించింది, సిమెంటు రోడ్డు మీద కంటే కాలికి హాయి.

నేను పట్టుకున్న ప్లాన్ పేరు కౌచ్ టు 5కె, అంటే సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా అని, ఫోన్లో యాప్‌లు బోలెడు ఉన్నాయి. 1996లో జాష్ క్లార్క్ అనే ఆయన యాభై దాటిన వాళ్ళ అమ్మ కోసం అనుకుని రాసిన ప్లాన్ అంట, అది తెలిశాక నమ్మకం కుదిరింది, కుర్రాళ్ళ కోసం రాసింది కాదు గదా. వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు. ముందు 5 నిమిషాలు నడక, తర్వాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇట్టా 20 నిమిషాలు. వారం వారం పరుగు పెరుగుద్ది, 9 వారాలకి అరగంట ఆగకుండా. నాకు 9 వారాల్లో కాలేదు, రెట్టింపు పైనే పట్టింది, ఒక్కో వారాన్ని రెండుసార్లు, మూడుసార్లు చేశా. బరువున్నవాళ్ళు అట్టాగే చెయ్యాలని నా గట్టి అభిప్రాయం. యాప్‌కి మన బరువు తెలియదు.

గ్రౌండులో ఒక పెద్దాయన రోజూ వస్తారు, రిటైరైన పీఈటీ సారు. నేను నిమిషం పరుగుకే ఎగశ్వాస తీసుకోవడం చూసి పక్కన నడుస్తూ, "నిన్న ఇంట్లో ఏం కూరమ్మా?" అన్నారు. "చేపల... పులుసు... సార్" అన్నా. "అయితే ఇంకా నిదానంగా పోవాల" అన్నారు. మరుసటి సారి మళ్ళీ అదే ప్రశ్న. ఇట్టా నాలుగైదు దఫాలు నిదానించి నిదానించి, చివరికి ఒకరోజు "కొర్రమీను పులుసు సార్, మా అత్తమ్మ చేసింది, రాత్రి కంటే పొద్దునకి ఇంకా బాగుంది" అని ఆగకుండా చెప్పగలిగా. "ఇదమ్మా నీ స్పీడు, దీన్ని పట్టుకో" అన్నారు. ఆ స్పీడులో నేను పరిగెత్తుతుంటే మా వదిన గట్టిగా నడిచి నాతో సమానంగా వచ్చేసేది. వచ్చినా ఏం పర్లేదు, అడుగులు చిన్నవిగా, దగ్గర దగ్గరగా, మడమ ముందుకి చాచి కొట్టకుండా పాదం ఒంటి కిందే పడేటట్టు వేస్తే అది పరుగే. పక్కమనిషితో మాట్లాడలేకపోతే మీరు ఎక్కువ స్పీడులో ఉన్నారని లెక్క, ఏ వాచీ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. సంక్రాంతి దాటి కొన్ని వారాలకి నాకు ఆయాసం తగ్గిపోయింది, ఇంకా పోగలను అనిపించేది, మెట్లు ఎక్కినా గుండె దడ లేదు. సరిగ్గా అప్పుడే మోకాలి కింద ముందు వైపు ఎముక లోపలి అంచు పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి నాలుగు అడుగులు కుంటుతూ వేసేదాన్ని. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి పోతే ఆమె చెప్పింది, అక్కా, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతాయి, ఎముకలకి, కండని ఎముకకి పట్టి ఉంచే ఆ టెండన్లకి నెలలు పడుతుంది, నీ ఊపిరి రెడీ అయింది గానీ నీ కాళ్ళు ఇంకా వెనకే ఉన్నాయి అని. ఈ ఒక్క ముక్క ప్రతి లావు మనిషికీ మొదటి రోజే చెప్పాల. ఊపిరి ఆడుతుంది గదా అని పెంచుకుంటూ పోతే దెబ్బ పడేది కాళ్ళకే.

ఆమె నాకొక పద్ధతి చూపించింది. కాలు చాపి కూర్చుని బొటనవేలితో ఎముక అంచు వెంబడి కింద నుంచి పైకి నొక్కుకుంటూ రావాలి. జానెడు పొడవునా సలపరంగా ఉంటే అది కొత్తగా పరిగెత్తేవాళ్ళకి వచ్చే మామూలు నొప్పి, పరుగు తగ్గించి నడకకి వస్తే సర్దుకుంటుంది. అట్టా కాకుండా రూపాయి బిళ్ళంత చోట ఒక్కచోటే నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, కూర్చున్నా రాత్రిళ్ళు గూడా నొప్పి ఉంటే, ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు, పరుగు పూర్తిగా ఆపేసి ఎముకల డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. నాది మొదటి రకం. కొన్నాళ్ళు నడక మాత్రం చేసి, మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమలు పైకీ కిందకీ దించే ఎక్సర్‌సైజ్ రోజూ చేశా, ఇప్పటికీ పళ్ళు తోముకుంటూ చేస్తా. తర్వాత రెండు వారాలు వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టా.

ఆ ప్లాన్లో ఐదో వారం మూడో రోజు అని ఒకటుంది, మధ్యలో నడక లేకుండా 20 నిమిషాలు. దాని ముందు రోజు పరుగు ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లే, అందుకే అందరికీ దానంటే భయం. నేను ఉగాది దాటాక చేశా. సారు ఒక చుట్టు పక్కనే నడిచారు, మా వదిన టైం చూసింది. అయిపోయినాక నేను ఏడ్చేశా, వదిన గూడా ఏడ్చింది. బడి రోజుల్లో గూడా నేను అంతసేపు పరిగెత్తి ఎరగను.

బట్టల గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. తొడలు రాసుకుని ఒరిసిపోయి రెండు రోజులు మండుద్ది, దానికి చుడీదార్ ప్యాంటు లోపల మోకాళ్ళ దాకా ఉండే టైట్ షార్ట్ వేసుకుని, పోయేముందు వాజిలీన్ గానీ కొబ్బరినూనె గానీ పూసుకోండి. బిగుతుగా పట్టి ఉంచే మంచి స్పోర్ట్స్ బ్రా తప్పనిసరి, లేకపోతే వీపు, భుజాలు నొప్పి, పరుగు మీదే విరక్తి వచ్చేస్తుంది. షూస్ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి, వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఖర్చు పెట్టదలిస్తే ఈ రెండింటి మీదే పెట్టండి. పైన ఏ టీషర్టు అయినా ఒకటే. జనం చూస్తారా అంటే మొదట్లో చూస్తారు, పది రోజులకి వాళ్ళే పలకరిస్తారు.

మన ఎండల్లో మాత్రం మొండికి పోకూడదు. రోహిణి కార్తెలో తెల్లారి ఐదింటికే ఒళ్ళు జిగటగా ఉంటుంది, ఆ ఉక్కలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మే నెలంతా నేను పరుగు సగానికి కోసేశా, ఇంటికి రాగానే ఉప్పేసిన మజ్జిగ. తల తిరిగినా, చలిగా అనిపించినా అక్కడికక్కడే ఆపి నీడకి పోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వానలు, గ్రౌండు బురద, అప్పుడు డాబా మీద నడక, ఇంట్లో స్క్వాట్లు. ఒకసారి పిల్లలతో మైపాడు బీచ్‌కి పోయినప్పుడు ఇసకలో పరిగెత్తి చూశా. పొడి ఇసకలో పిక్కలు పీకేస్తాయి, నీళ్ళు తగిలి గట్టిపడిన చోట బాగుంటుంది గానీ అక్కడ గట్టు ఒక పక్కకి వాలి ఉంటుంది, ఒకే వైపు ఎక్కువ దూరం పోతే ఒక కాలి మీద భారం పడుద్ది, అందుకని పోయినంత దూరం తిరిగి రావాలి.

ఇప్పుడు వారానికి మూడు రోజులు 5 కిలోమీటర్లు, ఆగకుండా, అదే మాట్లాడే స్పీడు. బరువు 76, హెచ్‌బీఏ1సీ 5.5. పొట్ట మీద, చేతుల కింద చర్మం వదులైంది, అది నాకు బాధగా లేదు. రెండు నెలలుగా కాటా కదలడం లేదు, దానికి కారణం గూడా తెలుసు, ఒళ్ళు తగ్గేకొద్దీ ఖర్చు తగ్గుద్ది, 93 దగ్గర 280 కేలరీలు పట్టిన అదే 3 కిలోమీటర్లకి ఇప్పుడు 230 గూడా పట్టవు. కాబట్టి అన్నం కొలత మళ్ళీ సరిచేసుకోవాలి, కండ కరక్కుండా గుడ్లు, చేపలు కాస్త పెంచాలి, వారంలో రెండు రోజులు డంబెల్స్ పట్టాలి, ఈ వారమే మొదలుపెట్టా.

వేదాయపాళెం, మూలాపేట వైపు ఆడవాళ్ళు ఎవరైనా ఒక్కరే రావడానికి జంకుతుంటే వీఆర్సీ గ్రౌండుకి వచ్చెయ్యండి, సోమ, బుధ, శుక్రవారాలు ఐదుంబావుకి నేనూ వదినా ఉంటాం. ముందు ఒకసారి బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకుని రండి. మొదటి నెల నడకే, పరుగు అడిగినా పెట్టను.